ఎర్రమేకు మీద బిళ్ళ

ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. అల్లుడు సముద్రంలోకి దిగాలి, భార్య చెయ్యి పట్టుకుని గుహదాకా వెళ్ళాలి, వెనక్కొచ్చి టీ తాగాలి. గుహ కూడా పెద్ద దూరమేం కాదు. ఒడ్డు నుంచి నలభై అడుగులు వెళితే రాతి కింద వంగిన నోరు, అక్కడ గుండెల లోతు నీళ్ళు. లోపల కాస్త లోతెక్కువ, కానీ పైన తల ఎత్తి ఊపిరి పీల్చుకునే ఖాళీ ఉంది. భార్య చిన్నప్పుడు అందులో దాగుడుమూతలు ఆడిన మనిషి. అల్లుడు గడియారాలు బాగుచేసేవాడు. నీళ్ళలో పడ్డా ఏమీ కాదని రాసున్న గడియారాన్ని కూడా చెయ్యి కడుక్కునేముందు తీసి పక్కన పెట్టేరకం.

ఒడ్డు మీద డైవింగ్ షాపు మామగారిది. గుమ్మం పక్కన చెక్కబోర్డు, దాని మీద రెండు వరసల మేకులు, పైన మూడు నియమాలు. దిగేవాళ్ళు తమ ఇత్తడి బిళ్ళ ఎర్రమేకుకు తగిలించవలెను. బయటికి వచ్చి పచ్చమేకుకు మార్చవలెను. ఒకరి బిళ్ళ మరొకరు ముట్టరాదు. బోర్డు పక్కనే ఓ గంట. అది మోగిందంటే నీళ్ళలో మనిషి తప్పిపోయినట్టే. పెళ్ళయిన రెండేళ్ళలో అల్లుడు దాన్ని ఒక్కసారీ వినలేదు, వినాలనీ లేదు.

"ఏం అల్లుడూ, ఇవాళైనా దిగుతావా? సముద్రం ఎండిపోయేదాకా ఆగుతావా?" అన్నారు మామగారు, సిలిండర్లలో గాలి నింపే మిషను ఆన్ చేస్తూ.

"ఎందుకు నాన్నా పొద్దున్నే ఆయన్ని పట్టుకుంటావ్?" అని కూతురు వెనకేసుకొచ్చింది. "ఏమండీ, అలలెలా ఉన్నాయో నేను ముందు చూసొస్తా. మీరు బిళ్ళ తగిలించి, మోకాలి లోతులో నిలబడండి చాలు."

అల్లుడు రబ్బరు సూటులోకి దూరి, బిళ్ళ తగిలించి, పాదాలకి ఈతరెక్కల్లాంటి ఫిన్స్ తొడుక్కుని మోకాలి లోతులో నిలబడ్డాడు. భార్య తల నీళ్ళలో మునిగింది. చుట్టూ ఒక్క మనిషి లేడు. అప్పుడు మెత్తగా, చల్లగా, ఏదో అతని కాలిని చుట్టుకుంది. అది నాచే. కానీ అది నాచని తెలుసుకోడానికి కిందికి చూడాలి, చూసే ధైర్యం ఎవరికుంది? ఓ ఫిన్ను అక్కడే ఊడిపోయింది. రెండోదాన్ని చంకలో పెట్టుకుని, మిషను చప్పుడులో మామగారికి వినబడకుండా రాళ్ళ వెనక దారిన పడి ఇల్లు చేరేదాకా అతను వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంట్లో ఒళ్ళు తుడుచుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కడుపునొప్పి అని చెబుదామని నిశ్చయించుకున్నాడు. ఎడమవైపా, కుడివైపా అని ఆలోచిస్తూ బిస్కెట్ తింటుండగా గంట మోగింది.

 నీళ్ళలో ఉన్నది ఒక్కతే. తన భార్య!

చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాడు. మామగారు సముద్రం వైపు తిరిగి, ఏడుస్తూ గంట బాదుతున్నారు.

"ఎవరు? ఎవరు పోయారు?" అని అరిచాడు అల్లుడు.

"మా అల్లుడయ్యా!" అన్నారాయన వెనక్కి తిరక్కుండానే. "పిరికివాడు, పిరికివాడు అని నేనే పొడిచి పొడిచి పంపించాను. పౌరుషానికి ఒక్కడే గుహలోకి వెళ్ళిపోయాడు. బంగారంలాంటి పిల్లాడు!"

రెండేళ్ళలో మామగారి నోట తన గురించి ఒక్క మంచిమాట వినని అల్లుడు ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణం ఆగినందుకు తర్వాత చాలా సిగ్గుపడ్డాడు.

"మావయ్యగారూ... నేనే."

మామగారు తిరిగి చూసి, ఉన్నచోటే చతికిలబడ్డారు. చొక్కా కొస పట్టుకుని నలిపి చూశారు. మనిషి నిజమే, చొక్కా పొడిదే.

"మరి... బిళ్ళ ఎర్రమేకు మీదే ఉంది కదరా! నీ ఫిన్ను గుహ నోటి దగ్గర దొరికింది కదా!"

"కొట్టుకుపోయి ఉంటుందండీ. తనేదీ?"

"నీకోసమే లోపలికి పోయింది. బయట రాళ్ళ చుట్టూ వెతికేసరికే గాలి సగానికి పైగా అయిపోయింది. ఇరవై నిమిషాలకి సరిపోతుందేమో, వెళ్ళి పదైంది. నువ్వు దొరికేదాకా అది రాదు. దాని మొండితనం నాకు తెలుసు!"

పడవవాళ్ళు రావడానికి అరగంట. మామగారి చెవికి పోయిన నెలే ఆపరేషనయింది, తల ముంచకూడదు. అయినా ఆయన తూలుకుంటూ నీళ్ళవైపు నడిచారు. అల్లుడు ఆయన భుజం పట్టి వెనక్కి లాగాడు. లేని మనిషి కోసం తన భార్య చీకట్లో వెతుక్కుంటోంది. పది నిమిషాలంటే ఎంతో అతనికి తెలిసినంత బాగా ఆ ఒడ్డు మీద ఎవరికీ తెలియదు.

"తాడు కట్టండి," అన్నాడు.

నడుముకు తాడు, మొహానికి మాస్కు, ఒంటి మీద ఇస్త్రీ చొక్కా. "గబగబా కుదిపావంటే లాగేస్తాను," అన్నారు మామగారు. అల్లుడు నాచులోంచి, కాలికి తగిలినవాటన్నిటిలోంచి, "అమ్మో, అమ్మో" అనుకుంటూనే నడిచాడు. భయం ఏమాత్రం తగ్గలేదు. తగ్గుతుందని ఆగితే లాభం లేదని మాత్రం తెలిసిపోయింది. గుహ నోట్లో కళ్ళు మూసుకుని తల ముంచాడు. నెత్తి రాతికి కొట్టుకుంది, మాస్కు జరిగి ఉప్పునీళ్ళు ముక్కులోకి పోయాయి. దగ్గుతూ తల పైకెత్తితే అంతా కటిక చీకటి.

"ఏమోయ్!" అని అరిచాడు. గుహ తిరిగి "ఏమోయ్" అంది. నీళ్ళ కింద ఉన్న మనిషికి ఏం వినబడుతుంది? దూరంగా, అడుగున, ఓ వెలుతురు మెల్లగా కదులుతోంది. మునిగి వెళ్ళడం రాదు. ఉన్నచోటే కాళ్ళు టపటపా కొట్టాడు. వెలుతురు ఆగింది, ఇటు తిరిగింది, దగ్గరికొచ్చింది. చల్లటి చెయ్యొకటి అతని పాదం పట్టుకుంది.

అది తన భార్య చెయ్యేనని అతనికి తెలుసు. అయినా గావుకేక పెట్టి కొట్టుకున్నాడు. తాడు గబగబా కుదిపినట్టయింది. ఒడ్డున మామగారు ఉన్న బలమంతా పెట్టి లాగారు. ముందు అల్లుడు, అతని పాదం వదలని కూతురు వెనకాల, ఇద్దరూ గుహలోంచి రైలుబండిలా బయటికొచ్చి ఇసకలో పడ్డారు.

భార్య నోట్లో గొట్టం తీసిపారేసి అతని మొహం రెండు చేతుల్తో పట్టుకుంది. "బతికే ఉన్నారా! ఎంత భయపడ్డానో తెలుసా!" అంటూ భోరుమంది. అల్లుడి చూపు అలవాటుగా ఆమె సిలిండరులో గాలెంతుందో చూపించే డయలు మీద పడింది. ముల్లు సున్నాకి తాకీతాకకుండా వణుకుతోంది. అప్పుడు అతను కూడా ఏడ్చాడు, దాచుకోకుండా.

కాసేపటికి ఆమె ఏడుపు ఆపి, అతని కాలరు వేళ్ళతో పట్టి చూసింది.

"ఇస్త్రీ చొక్కా ఎక్కడిది?"

"ఇంట్లోది."

"ఇంట్లోకి ఎప్పుడెళ్ళారు?"

అల్లుడు మామగారి వైపు చూశాడు. మామగారు తాడు చుట్టుకుంటూ సముద్రం వైపు చూశారు. ఇక చేసేదిలేక అల్లుడు మొత్తం చెప్పాడు, బిస్కెట్‌తో సహా. ఆమె అంతా విని, లేచి ఇసక దులుపుకుంది.

"దారి తెలిసిపోయిందిగా. రేపు ఆరింటికి సిలిండరుతో దిగుదురుగాని," అంది.

మర్నాడు బోర్డు మీద ఇంకా ఆరని పెయింటుతో నాలుగో నియమం కనిపించింది: "దిగకుండా పారిపోయినవారు కూడా బిళ్ళ మార్చవలెను." కింద ఎర్రమేకుకు అల్లుడి బిళ్ళ వేలాడుతోంది. ఈసారి బిళ్ళ అబద్ధమాడడం లేదు.