బూటుకీ బైండింగుకీ పొంతన

ఒకరి బూటు మరొకరి స్కీ బైండింగులో పట్టని రోజున నాగరికత పరిపూర్ణమైనట్టు లెక్క. నార్వే ఆ దశను ఎప్పుడో దాటేసింది. ఆస్లౌగ్ ఒక్కతే ఇంకా వెనకబడి ఉంది.

ఈస్టర్‌కి కుటుంబమంతా కొండ మీది చెక్క ఇంటికి చేరి, అక్కడి నుంచి మంచు మీద జారే స్కీలతో శిఖరం ఎక్కడం, దిగొచ్చి నారింజలు తినడం ఆనవాయితీ. కిందటేడు ఆస్లౌగ్ తన ఆడపడుచు పాతబూట్లు వేసుకుని బయల్దేరింది. సగం దారిలో మడమల తోలు ఊడింది. మిగతావాళ్లు శిఖరం మీద ఉండగా ఆమె ఇంట్లో కూర్చుని పన్నెండు మందికీ నారింజలు ఒలిచింది. (ఎంత చక్కగా ఒలిచిందో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమెకు మండేది అక్కడే.)

"ఈసారీ నారింజలు నీకే అన్నాడు అన్నయ్య," అంది ఆడపడుచు యోరున్ ఫోనులో. "ఎవరో ఒకరు ఒలవాలిగా వదినా."

"అయితే నువ్వే ఒలువు. నేను బూట్లు కొంటున్నా."

కొనడానికి అభ్యంతరం లేదు, పద్ధతి ఉంది. ఊరి క్రీడాభవనం రెండో అంతస్తులోని పొంతన విభాగం ధ్రువపత్రం ఇస్తే తప్ప ఏ దుకాణమూ బూటు అమ్మదు. బైండింగు అంటే బూటు ముక్కును స్కీకి పట్టి ఉంచి, మడమను స్వేచ్ఛగా లేవనిచ్చే బిగింపు. అడుగున మూడు రంధ్రాలున్న బూటుకి మూడు మేకుల బైండింగు, ముక్కు కింద కడ్డీ ఉన్న బూటుకి కడ్డీ పట్టే బైండింగు. ఒకదానిది మరొకదానికి నప్పదు. జాతకాలైనా కాస్త సర్దుకుంటాయి.

ఆస్లౌగ్ టోకెన్ నలభై ఒకటి. నడుస్తున్నది నాలుగు. మధ్యాహ్నానికి అధికారి ఎయ్‌లర్ట్ ముందు కూర్చోగలిగింది.

"బూట్లు కావాలండి."

"ఏ బైండింగుకమ్మా?"

"బూటు చూశాక చెప్తాను."

"బైండింగు తేలితేగానీ బూటు చూపించం."

"సరే, బైండింగే చూపించండి."

"ఏ బూటుకి?"

ఆస్లౌగ్ కాసేపు కిటికీలోంచి మంచు చూసింది. ఎయ్‌లర్ట్ కూడా మర్యాదకి చూశాడు. తర్వాత 'మడమ స్వభావ ప్రకటన' అనే ఫారం మూడు ప్రతులు ఇచ్చాడు. మడమ రోజుకి ఎన్నిసార్లు లేస్తుంది, ఎవరి అనుమతితో, దిగేటప్పుడు పశ్చాత్తాపం ఉంటుందా అన్నవి మొదటి పేజీ ప్రశ్నలు. నింపి ఇచ్చాక, సంతకం చేయాల్సిన మడమల ఉపసంచాలకురాలు సెలవు మీద కొండకెళ్లారని తెలిసింది.

"ఎప్పుడొస్తారు?"

"మంచు కరిగాక."

"నేను గురువారం బయల్దేరాలండి. లేదంటే నారింజలు."

విషయం పూర్తిగా విన్నాక ఎయ్‌లర్ట్ గొంతు తగ్గించాడు. "తొమ్మిదో నియమం చూడండమ్మా. వంశపారంపర్యంగా వచ్చిన జతకి పొంతన అక్కర్లేదు. అవి తయారైనప్పటికి మేం ఇంకా పుట్టలేదు."

అటక మీద అమ్మమ్మ స్కీలు దొరికాయి, మూడు మేకుల బైండింగులతో. పక్కనే మూడు రంధ్రాల తోలుబూట్లు. ఆస్లౌగ్ రెండు రోజులు మైనం రుద్దింది. పాదం పట్టింది, బూటు పట్టింది, మడమ హాయిగా లేచింది.

గురువారం అందరూ కొండ మీది ఇంటికి చేరారు. శుక్రవారం ఉదయం ఆమె అందరికన్నా ముందు శిఖరం వైపు సాగుతుంటే, దారిలో తొడల్లోతు మంచులో ఎవరో స్కీలు భుజాన వేసుకుని ఈదుతున్నారు. ఎయ్‌లర్ట్.

"ఏమైందండీ?"

"మంగళవారం ప్రమాణం మార్చామమ్మా," అన్నాడు ఆయాసపడుతూ. "బైండింగు మంగళవారానిది. బూటు సోమవారానిది."

ఆస్లౌగ్ సానుభూతితో తలూపి, తను వచ్చిన జాడ చూపించింది. "ఈ జాడ పట్టుకుని దిగండి, మా ఇంటి తలుపు తీసే ఉంటుంది. లోపల బల్ల మీద నారింజలున్నాయి, పన్నెండు మందికి. ఒలవడానికి ఏ బైండింగూ అక్కర్లేదు."

అలవాటు కొద్దీ అడిగాడాయన, "టోకెన్ తీసుకోవాలా?"

"వద్దండి. ఆ పనికి ఇంతవరకూ ఎవరూ క్యూలో నిలబడలేదు."