చెరి ఇరవై బాతులు

ఊళ్లో రెండు వర్గాలుండటం అరిష్టమని ఎవరన్నారండీ? నన్నడిగితే అంతకు మించిన అదృష్టం లేదు! వెల్దుర్తి పక్కనున్న మా పల్లెలో పక్షులకు సైతం న్యాయం జరిగిందంటే అది వర్గాల చలవే.

ఎనభై ఆరు చలికాలంలో మా బడి టీచరు వీరరాఘవమ్మగారు పిల్లల్నీ పెద్దల్నీ చెరువుగట్టుకు తీసుకెళ్లి బాతుల్ని చూపించింది. తలమీద నల్లచారల బాతులు. ఏటా ఉత్తరాన హిమాలయాలు దాటి ఇటు వస్తాయట. చూసినవాళ్లు చూసినన్ని బడి గోడమీద బొమ్మలెయ్యాలని ఆవిడ ప్లాను. సైనుబోర్డుల ఇమాం సాహెబు గీతలు గీశాడు. ముగ్గుల్లో చెయ్యి తిరిగిన కోటమ్మ సున్నం అద్దింది. సైకిల్ షాపు మౌలాలీ నల్లరంగు డబ్బా పట్టుకొచ్చాడు. నలభై బాతులు దక్షిణానికి బారులు తీరాయి. ఊరంతా కలిసి చేసిన పని నా ఎరుకలో అదొక్కటే.

అయితే దక్షిణాన ఉన్నది ఎవరిల్లు? సర్పంచి వెంకట్రామయ్యది! రెండో వర్గం పెద్ద, ఉత్తర వీధి ఆంజనేయులు ఊరుకుంటాడా?

"ఏంది టీచరమ్మా, నలభైకి నలభై ఆయనింటికే పొయ్యేది? మా వీధిలో గింజల్లేవా?"

"అవి వచ్చే దారే అది, ఆంజనేయులన్నా. పిల్లలకు ఉన్నది చెప్పాలి గదా."

"ఎలక్షన్లయినాక చెప్పుకో."

పంచాయితీ ఆఫీసులో రాజీ కుదిరింది. చెరి ఇరవై! ఇమాం సాహెబు పాపం ఇరవై బాతుల తలలు చెరిపి తోకల చోట పెట్టాడు. చలికాలంలో సగం బాతులు అటు, సగం ఇటు అని బడిలో పాఠమూ మారింది. తప్పేముంది? మన ఊరికి వచ్చే బాతులు మన పద్ధతి నేర్చుకోవద్దూ? గొడవెందుకని పెద్దమనిషిగా నేనూ సరేనన్నాను.

మరుసటి ఏడు కార్తీకంలో నేను బడి ముందునుంచి పోతుంటే నెత్తిమీద బాతుల గుంపు వచ్చింది. వీరరాఘవమ్మగారు పిల్లల్ని బయటికి పిలిచింది. ఎన్నున్నాయో గానీ, అన్నీ దక్షిణానికే. నాలుగో తరగతి జమీలా గోడను చూసింది, ఆకాశాన్ని చూసింది.

"టీచర్, సగం బాతులు దారి తప్పినయ్," అంది.

నాకు సిగ్గేసింది. ఆ పిల్ల చూస్తున్నది ఆకాశాన్ని, నమ్మింది మాత్రం మా గోడను.

వీరరాఘవమ్మగారు తప్పు దిద్దబోయి, ఎవరైనా వింటున్నారేమోనని చుట్టూ చూసింది. నన్ను చూసి ఆగిపోయింది.