స్టీరింగ్ పక్క సీటు

డ్రైవింగ్ మాస్టారు ఆ ఉదయానికి వేసుకున్న ప్లాను చాలా సులువైనది. ఎనిమిదింటికి అద్దె బండ్ల యార్డుకు వెళ్ళాలి, క్యాంపర్ వ్యాన్ తీసుకోవాలి, ఎండెక్కకముందే సముద్రం పక్క రోడ్డు ఎక్కాలి, మూడు రోజులపాటు తీరం వెంట ఊరూరూ తిరిగి రావాలి. బండిలోనే మంచం, బండిలోనే స్టవ్వు, బండిలోనే చేతులు కడుక్కునే తొట్టి. ఇల్లు అద్దెకు తీసుకోవడం అందరూ చేసేదేననీ, చక్రాలున్న ఇల్లు తీసుకోవడం తనకే చెల్లిందనీ ఆయన వారం రోజులుగా వీధంతా చెప్పుకున్నారు.

చెప్పుకోవడానికి ఆయనకు హక్కుంది. ఆ ఊళ్ళో స్టీరింగు పట్టిన ప్రతి రెండో మనిషీ ఆయన శిష్యుడే. ఆయన దగ్గర నేర్చుకున్నవాడు, యముడు ఎదురొచ్చినా సరే, ఇండికేటరు వేసి మర్యాదగా పక్కకు తప్పుకుంటాడని పేరు.

అయితే ఊరికి తెలియని సంగతి ఒకటుంది. ఇరవై ఏళ్ళుగా మాస్టారు స్టీరింగు ముందు కూర్చోలేదు. దాచాలని దాచింది కాదు, అవసరం రాలేదంతే. నేర్చుకునేవాళ్ళు నడుపుతుంటే ఆయన పక్క సీట్లో, తన కాళ్ళ దగ్గర బిగించుకున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి కూర్చుంటారు. ఇంట్లోకి కూరగాయలు కావాలంటే ఆ రోజు పాఠం మార్కెట్టు రోడ్డులో. భార్యకు పన్ను నొప్పి వస్తే పాఠం పళ్ళ డాక్టరు వీధిలో, పార్కింగుతో సహా. ఆవిడ సంచీ ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చునేది.

ఈ గుట్టు మీద మొదట వేలు పెట్టినవాడు ఆవిడ తమ్ముడు. అతను బ్యాంకులో గుమాస్తా. నెల క్రితం భోజనాల దగ్గర ఉన్నట్టుండి అడిగాడు.

"బావగారూ, మీరు బండి నడపగా నేనెప్పుడూ చూడలేదేంటి?"

"చూద్దువుగాని. సముద్రం రోడ్డు మీద తిరగాలని మీ అక్క ఎన్నాళ్ళనుంచో అడుగుతోంది. క్యాంపర్ వ్యాన్ తీసుకుంటున్నా. మూడు రోజులూ నేనే నడుపుతా. ఇంకొకళ్ళని స్టీరింగు ముట్టుకోనివ్వను."

"అయితే నేనూ వస్తా," అన్నాడు బావమరిది, పీట వేసి పిలిచినంత సంతోషంగా.

ఆవిడ ఇద్దరికీ మరో గరిటె అన్నం వడ్డించింది. మాస్టారికి మాత్రం ఆ పూట ముద్ద దిగలేదు. బావమరిది నోట పడ్డ మాట బ్యాంకు కౌంటరు మీదుగా మర్నాటికల్లా ఊరంతా చుట్టి వస్తుంది. డ్రైవింగ్ మాస్టారికి డ్రైవింగ్ రాదని తేలిన రోజున స్కూలుకు తాళం వేసుకోవడం తప్ప ఇంకేం మిగలదు. అలాగని రాదనీ ఆయన అనుకోలేదు. ఇంతమందికి నేర్పినవాడికి రాకుండా ఎక్కడికి పోతుందని ధైర్యం చెప్పుకున్నారు.

యార్డులో మేనేజరు తాళం చేతికిచ్చాడు. తెల్లగా, నిలువెత్తు బీరువాలా ఉన్న వ్యాన్ చుట్టూ మాస్టారు ఒక ప్రదక్షిణ చేసి, టైర్లు తన్ని చూసి, తలుపు తీసుకుని లోపల కూర్చున్నారు. బెల్టు పెట్టుకున్నారు. వెనక ఆవిడ, బావమరిది సర్దుకున్నారు. ఎంతసేపటికీ బండి కదల్లేదు.

మేనేజరు కిటికీలోంచి వంగి అడిగాడు. "బండి ఎవరు నడుపుతారండీ?"

తానెక్కడ కూర్చున్నారో మాస్టారికి అప్పుడు తెలిసింది. ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ కాళ్ళు ఆయన్ని తీసుకొచ్చి పక్క సీట్లో కూర్చోబెట్టాయి. దిగి అటువైపు వెళ్ళి కూర్చుంటే సరిపోయేది. కానీ వెనక బావమరిది ఫొటో తీయడానికి ఫోను పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. పొరపాటయిందని ఒప్పుకోవడం మాస్టారి వంశంలోనే లేదు.

"మీరే నడపాలి," అన్నారు గంభీరంగా. "బండి సంగతి పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది."

మేనేజరు బిత్తరపోయి ఎక్కాడు. బండి గేటు దాటిందో లేదో మాస్టారి నోరు దాని పని అది మొదలుపెట్టింది.

"అద్దం చూశారా?"

"చూశానండీ."

"చూసినవాళ్ళకి మెడ తిరుగుతుంది. మీ మెడ తిరగలేదు. క్లచ్ మీద కాలెందుకు ఆనించారు? అది మీ ఇంటి గడప కాదు."

మేనేజరుకు ముచ్చెమటలు పట్టాయి. రవాణా శాఖవాళ్ళు మామూలు గిరాకీల్లా వచ్చి అద్దె కంపెనీలను తనిఖీ చేస్తున్నారని అతను కిందటి వారమే విన్నాడు. పక్క సీట్లో కూర్చుని మెడ గురించి మాట్లాడే మనిషి ఇన్‌స్పెక్టరు కాక ఇంకెవరవుతారు? ఆపమనేదాకా ఆపకూడదని నిశ్చయించుకున్నాడు. ఆపితే తాను నడపాల్సి వస్తుంది గనక మాస్టారు ఆపమనలేదు. ఎవరి భయం వాళ్ళదిగా ఇద్దరూ ఊరు దాటారు, టోల్‌గేటు దాటారు, కొండ మలుపు దాటారు.

"సముద్రం వచ్చిందండీ," అంది ఆవిడ.

మాస్టారు అటు చూడలేదు. ఆయన కళ్ళు మేనేజరు ఎడమకాలి మీదే ఉన్నాయి.

చివరికి ఒక బస్‌స్టాపు దగ్గర మేనేజరే ఓపిక చచ్చి బండి ఆపాడు. తాళం తీసి రెండు చేతులతో మాస్టారికి అందించాడు. "సార్, తప్పులున్నాయి, ఒప్పుకుంటున్నా. రిపోర్టు రాసేటప్పుడు ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారని కాస్త గుర్తుపెట్టుకోండి." ఇంతలో వెనక్కి వెళ్ళే బస్సు రావడంతో అందులోకి దూకేశాడు.

"ఏం రిపోర్టు బావగారూ?"

"మా ఫీల్డులో అలాంటివి ఉంటాయిలే," అన్నారు మాస్టారు. సంగతేమిటో ఆయనకూ తెలియదు.

ఇక తప్పించుకునే దారి లేదనుకున్నప్పుడు ఆయనకో ఉపాయం తట్టింది. "ఏమోయ్ బావమరిదీ, నా దగ్గర మూడుసార్లు తప్పి నాలుగోసారి గట్టెక్కినవాడివి. ఇప్పుడెలా నడుపుతున్నావో చూడాలి. కూర్చో."

"మీరే నడుపుతానన్నారుగా?"

"నడపనన్నానా? ఇలాంటి రోడ్డు నీకు మళ్ళీ దొరకదు."

మూడుసార్లు తప్పిన మాట అక్క ముందు ఎత్తేసరికి బావమరిదికి రోషం వచ్చింది. వెళ్ళి స్టీరింగు పట్టాడు.

క్యాంపర్ వ్యాన్లలో ముందు సీటుకు ఒక సౌకర్యం ఉంటుంది. సీటు కింద మీట నొక్కితే అది గిర్రున వెనక్కి తిరుగుతుంది. బండి ఆపుకున్నప్పుడు దాన్ని భోజనాల కుర్చీగా వాడుకోవచ్చు. ఈ సంగతి చెప్పేంత స్థిమితం మేనేజరుకు లేకపోయింది. బావమరిది ఒక ట్రాక్టరును దాటబోయి ఎదురుగా వచ్చే బస్సును చూసి తడబడ్డాడు. మాస్టారు లేని బ్రేకును రెండు కాళ్ళతో బలంగా తొక్కారు. మడమ వెళ్ళి మీటకు తగిలింది. మరుక్షణం ఆయన రోడ్డుకు వీపు పెట్టి, భార్యకు ఎదురుగా కూర్చుని ఉన్నారు.

ఆవిడ కమలాపండు ఒలుస్తోంది. "ఒక తొన తింటారా?"

"ఇటు తిరిగితేనే వెనక ట్రాఫిక్ బాగా తెలుస్తుంది," అన్నారు మాస్టారు. సీటు ముందుకు తిరగనని మొరాయించింది. ఆయన తొన తింటూ, వెనక అద్దంలోంచి వెళ్ళిపోతున్న రోడ్డును చూస్తూ, బావమరిదికి పాఠం కొనసాగించారు.

మధ్యాహ్నానికి రేవు ఊరు వచ్చింది. రెండు దారులు చీలే చోట కుడివైపు వెళితే వ్యాన్లు ఆపుకునే మైదానం అని మాస్టారు ముందే కనుక్కుని ఉన్నారు. "కుడికి తిప్పు, ఇదిగో ఇటు," అని కుడిచెయ్యి చాచారు. వెనక్కి తిరిగి కూర్చున్న మనిషి కుడిచెయ్యి బండికి ఎడమవైపు పోయింది. మాటను నమ్మాలో చేతిని నమ్మాలో తేల్చుకోలేక బావమరిది చేతిని నమ్మాడు.

ఆ దారి సన్నబడుతూ, ఒక మెలిక తిరిగి, అటూ ఇటూ చేపల గిడ్డంగుల గోడల మధ్యనుంచి కిందికి దిగి, పడవల రేవులో ఆఖరైపోయింది. బండి ముందు నాలుగు రాతిమెట్లు, మెట్ల కింద నీళ్ళు.

"సముద్రం మరీ దగ్గరికొచ్చిందండీ," అంది ఆవిడ.

తిప్పుకునే చోటు లేదు. పైన సందు మొగలో ఐసు లారీ ఒకటి వచ్చి ఆగి హారన్ మోగిస్తోంది. కింద పడవల నిండా చేపలు, వాటికోసం రావలసిన ఐసు లారీలో కరిగి రోడ్డు మీద కారుతోంది. పడవలవాళ్ళు, బుట్టలవాళ్ళు తలో మాటా అంటూ చుట్టూ మూగారు. లారీ డ్రైవరు కిందికి దిగి, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ తిట్టడానికి వచ్చాడు. వచ్చి, కిటికీలోకి చూసి, మడిచిన చేతులు విప్పుకున్నాడు.

"మాస్టారూ, మీరా?" అన్నాడు. జనం వైపు తిరిగాడు. "నోళ్ళు ముయ్యండిరా. నాకు లారీ నేర్పిన గురువుగారు. రివర్సు అంటే ఏంటో ఇవాళ చూద్దురుగాని. రోజూ చూడమన్నా దొరకదు."

జనం తిట్లు మానేసి చోటు చేసుకుని నిలబడ్డారు. బావమరిది తాళం తీసి, అందరికీ వినిపించేలా అన్నాడు. "ఇది మీవల్లే అవుతుంది బావగారూ."

మాస్టారు స్టీరింగు ముందు కూర్చున్నారు. క్లచ్ వదిలారు, ఇంజను ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశారు, మళ్ళీ ఆగింది.

"చూశారా, ముందు ఇంజను వేడి ఎంతుందో పరీక్ష చేస్తున్నారు," అని లారీ డ్రైవరు జనానికి వివరించాడు.

మూడోసారి బండి ఎగిరి ముందుకు దూకింది. ముందు చక్రం మొదటి మెట్టు దిగింది.

"వెనక్కి పోవాలంటే ముందు ముందుకి పోవాలి. అదీ పద్ధతి," అన్నాడు లారీ డ్రైవరు.

మాస్టారికి ఏ కాలు ఎప్పుడు తీయాలో, ఎంత తీయాలో, ఎన్ని వేలసార్లు ఇతరులకు చెప్పారో అన్నీ గుర్తున్నాయి, కాళ్ళకు మాత్రం ఒక్కటీ గుర్తులేదు. ఎదురుగా నీళ్ళు, చుట్టూ జనం, వెనక బావమరిది. ఇంతకాలం కట్టుకున్న పరువంతా రెండో మెట్టు అంచున నిలబడి ఉంది. ఆయనకు ఏడుపొచ్చినంత పనయింది.

భుజం మీద ఒక చెయ్యి పడింది.

"జరగండి," అంది ఆవిడ.

"నువ్వా? అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి. మీరు వెళ్ళి మీ సీట్లో కూర్చోండి."

మాస్టారు లేచి, వెనక్కి తిరిగి ఉన్న తన సీట్లో కూర్చున్నారు. ఆవిడ సీటు ముందుకు జరుపుకుంది. రెండు అద్దాలూ సరిచేసుకుంది. బెల్టు పెట్టుకుంది. మెడ పూర్తిగా తిప్పి చూసింది. బండి ఉలిక్కిపడకుండా మెట్టెక్కి, సందులోకి వెనక్కి నడిచింది.

వెనక అద్దంలోంచి గోడలు దగ్గరికి రావడం మాస్టారికి స్పష్టంగా కనిపిస్తోంది. చెప్పవలసిన మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. చెప్పేలోపే ఆవిడ ఆ పని చేసేస్తోంది. మెలిక దగ్గర ఆపి, చూసి, పావు తిప్పు తిప్పి, అద్దానికీ గోడకూ మధ్య రెండు వేళ్ళ సందు ఉంచి బయటపడింది. అంతసేపూ మాస్టారి పాదం ఒక్కసారి కూడా నేలను తొక్కలేదు. ఆయన గుండె మాత్రం పొంగి చొక్కా గుండీలు తెగేలా ఉంది. ఇన్నేళ్ళలో ఎందరు పాసయి మిఠాయి పెట్టెలు తెచ్చినా ఆయనకు ఇంత గర్వం కలగలేదు.

రోడ్డు మీద బండి ఆగాక ఆయన మెల్లగా అడిగారు. "ఎక్కడ నేర్చుకున్నావు?"

"మన ఎదురు వీధి స్కూల్లో. లైసెన్సొచ్చి ఆరేళ్ళయింది."

"వాడికి రివర్సే రాదే!"

"రాదు. అది మీ దగ్గరే వచ్చింది, వెనక సీట్లో కూర్చుని వింటూ ఉంటే."

"మరి నాకు చెప్పలేదేం?"

"నేర్పమని అడిగితే, నీకెందుకు, తిప్పడానికి నేను లేనా అన్నారు. ఆ మాటన్నాక చెప్పబుద్ధి కాలేదు."

బయట చప్పట్లు మోగుతున్నాయి. "ఇంట్లో ఆడవాళ్ళకే ఇంత నేర్పారంటే అదీ మాస్టారంటే," అంటున్నాడు లారీ డ్రైవరు. ఊరుకుంటే పరువు దక్కేది, పైగా పెరిగేది. బావమరిది కూడా నోరు తెరుచుకుని అక్కను చూస్తూ ఉండిపోయాడు. కానీ మాస్టారికి ఆ చప్పట్లు తన ఖాతాలో పడటం నచ్చలేదు. తలుపు తీసి ఫుట్‌బోర్డు మీద నిలబడ్డారు.

"ఈవిడకి నేను నేర్పలేదు. అడిగితే నేర్పనన్నా. తనంతట తనే నేర్చుకుంది. ఇందాక నేను బండి మెట్టు దించింది పద్ధతి కాదు, చేతకాక. నేను స్టీరింగు పట్టి ఇరవై ఏళ్ళయింది."

లారీ డ్రైవరు తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు.

"చూశారట్రా, అంత పెద్దమనిషికి ఎంత అణకువో," అన్నాడు.

చప్పట్లు రెట్టింపయ్యాయి. మాస్టారు మళ్ళీ మొదటినుంచి చెప్పబోయారు. ఆవిడ ఆయన చొక్కా పట్టుకుని లోపలికి లాగి, తలుపు వేసి, బండి పోనిచ్చింది.

మిగిలిన రోడ్డంతా ఆవిడే నడిపింది. ఆయన కిటికీకి ఆనుకుని సముద్రం చూస్తూ, దారిలో ఆగిన ప్రతిచోటా, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ బండి నడుపుతున్నది తన భార్య అని చెప్పారు. ఊరికి తిరిగి వచ్చాక బావమరిది బ్యాంకు కౌంటరు దగ్గర జరిగింది జరిగినట్టు చెప్పాడు. నాలుగుసార్లకు గానీ పాసవ్వని వాడి కుళ్ళుమోతుతనం అని అందరూ కొట్టిపారేశారు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే, మొదటి విద్యార్థి రాకముందు, స్కూలు కారు ఒక చుట్టు తిరిగి వస్తుంది. స్టీరింగు ముందు మాస్టారు, పక్క సీట్లో ఆవిడ. నేర్పడం బాగానే నేర్పుతుందట గానీ, కేకలు కాస్త ఎక్కువని ఆయన ఫిర్యాదు.