అరవై మందికి కృతజ్ఞతలు

జ్ఞానం నలుగురికీ పంచితేనే జ్ఞానమని, పంచే ముందు మాత్రం ఏడుగురి అనుమతి ఉండాలని పై కార్యాలయం తీర్మానించింది. దాని ప్రకారం పట్టా కావలసిన ప్రతి విద్యార్థీ తన పరిశోధనను పోర్టల్‌లో ఎక్కించాలి. ఎక్కకపోతే పట్టా లేదు. ఎక్కిందని తేల్చడానికి ఒక ఉపసంఘం ఉంది. దాని పూర్తి పేరు చదవడం పూర్తయ్యేసరికి టీ వేళ అవుతుంది కాబట్టి, ఇక్కడ ఉపసంఘం అనే అనుకుందాం.

ఈ తీర్మానానికి మొదట దెబ్బతిన్నవాడు కాలేజీ గేటు ఎదుటి బైండరు. ఇరవై ఆరేళ్లుగా పరిశోధనలకు అట్టలు వేస్తున్నాడు. ఏడో తరగతితో బడి మానేసినా, లోపల పాఠాలు చెప్పే ఏ మాస్టారి చేతుల మీదుగానూ పోనన్ని పరిశోధనలు ఆయన చేతుల మీదుగా పోయాయి. పుస్తకం వెన్ను చూసి దాన్ని ఎవరైనా తెరిచారో లేదో చెప్పేయగలడు. పదేళ్ల తర్వాత అట్ట మార్చమని తిరిగొచ్చిన వాటిలో మొదటి పేజీ నలిగి ఉండేది, చివరి పేజీ నలిగి ఉండేది. మధ్యలో మాత్రం ఆయన కుట్టిన దారం కొత్త పెళ్లికూతురిలా తళతళలాడుతూ ఉండేది. (ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. గిరాకీ పోతుంది.)

అది చాలదన్నట్టు ఆయన కూతురే పరిశోధన చేసింది. విషయం, కౌమార దశలో ఎదుగుదల, ఇబ్బందులు. తను చదివిన బడికే వెళ్లి అరవై మంది పిల్లల చేత రాయించుకుంది. వాళ్లు పేర్లు రాయలేదు, మిగతావన్నీ రాశారు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఇలా రాసింది: ‘ఏదైనా అడిగితే నీకింకా వయసు రాలేదంటారు. పని చెప్పేటప్పుడు ఇంత వయసొచ్చింది, తెలియక్కర్లేదా అంటారు.’

కాగితం చేతికిస్తూ ఆ పిల్ల గొంతు తగ్గించి అడిగింది.

“అక్కా, ఇలా నాకొక్కదానికేనా? ఇంకెవరికైనా ఉందా?”

“అందరివీ ఆన్‌లైన్‌లో పెడతాగా. నువ్వే చూద్దువుగాని,” అని మాటిచ్చేసింది కూతురు. పట్టా సంగతి ఎలా ఉన్నా, ఆ మాట మాత్రం ఆమె మెడకు చుట్టుకుంది.

(ఆ పిల్ల రాసిన జవాబును ఆమె షాపులో పైకి చదివినప్పుడు బైండరు బంక గిన్నెలోకి చాలా శ్రద్ధగా చూశాడు.)

మొదటిసారి ఎక్కిస్తే, అనుమతులిచ్చే ఏడుగురిలో ఒకడైన మర్యాద పరిశీలకుడు వెనక్కి పంపాడు. ఎదుగుదల అధ్యాయంలో శరీరం అనే మాట నలభై రెండు సార్లు వచ్చిందట. శరీరం ఊసెత్తకుండా ఎదగమన్నాడు. ఆ అధ్యాయం పోయింది. రెండోసారి ఇబ్బందుల అధ్యాయం ఉత్సాహ సంరక్షణాధికారి దగ్గర ఆగింది. ఇబ్బందులు రాయొచ్చు కానీ అవి చదివేవారికి ఇబ్బంది కలిగించకూడదు. పైగా పోర్టల్ ఆమోదించిన ఇబ్బందులు మూడే: ఫోను, స్నేహితులు, పొద్దున్నే తినకుండా బడికి రావడం. ‘ఇతరములు’ అని ఒక గడి ఉంది. నొక్కితే ‘ఇతరములు లేవు’ అని వస్తుంది.

కూతురు కార్యాలయానికి వెళ్లింది. కిటికీ అవతలి గుమస్తా నిజంగా మంచివాడు. అరవై మందీ తినకుండా వస్తున్నారని రాసేస్తే ఎల్లుండికల్లా పట్టా చేతికొస్తుందని, ఎవరొచ్చి చూడబోయారని సలహా ఇచ్చాడు.

“వాళ్లు చూస్తారండీ,” అంది కూతురు.

“ఎవరమ్మా?”

“పిల్లలు.”

గుమస్తా నిబంధనల పుస్తకం తిరగేశాడు. ఎవరి గురించి రాశారో వాళ్లే దాన్ని చదవడం అనే పద్ధతి ఆ కార్యాలయంలో లేదు.

ఆ సాయంత్రం కూతురు షాపుకొచ్చి కుట్టు బల్ల మీద తల వాల్చేసింది. బైండరు సూదిలో దారం ఎక్కిస్తూ, ఇరవై ఆరేళ్ల గుట్టు విప్పాడు.

“కృతజ్ఞతల పేజీ ఇంతవరకూ ఒక్కడూ చదవలేదమ్మా. తన పేరుందో లేదో వెతుక్కుంటాడు, మూసేస్తాడు. నీ పిల్లలందర్నీ అందులో కూర్చోబెట్టు.”

అలా కృతజ్ఞతలు ముప్ఫై ఒక్క పేజీలయ్యాయి. ముందు ఏడుగురు అధికారులు, హోదాలతో సహా, లావు అక్షరాల్లో. ఆ తర్వాత, ఏది అడిగినా వయసు రాలేదనిపించుకుంటున్న తొమ్మిదో తరగతి చెల్లికి కృతజ్ఞతలు. ఆ మాటే రాసిన మరో నలభై మందికి కృతజ్ఞతలు. గొంతు మారిందని నవ్వుతుంటే తరగతిలో నోరు విప్పడం మానేసిన తమ్ముడికి కృతజ్ఞతలు. ఇలా అరవై మందికీ. పరిశోధన మాత్రం పేజీన్నర.

ఏడు అనుమతులూ ఒక్క రోజులో వచ్చాయి. నాలుగో పంక్తిలో తన పేరు చూసుకున్న మర్యాద పరిశీలకుడు, ఈ కాలపు పిల్లల్లో ఇంత వినయం అరుదని ప్రత్యేకంగా రాశాడు. పట్టా వచ్చింది. కూతురు బడి ద్వారా ఆ అరవై మందికీ లింకు పంపింది.

పది నిమిషాల్లో తొమ్మిదో తరగతి పిల్ల నుంచి స్క్రీన్‌షాట్ వచ్చింది. ‘ఇది కౌమార దశకు సంబంధించిన సమాచారం. పద్దెనిమిదేళ్లు నిండినవారికి మాత్రమే. క్షమించండి, మీకింకా వయసు రాలేదు.’

దాని కింద ఆ పిల్ల రాసింది రెండే మాటలు: ‘సరే అక్కా.’

ఏడాది చివర ఉపసంఘం తన నివేదికను బైండరు దగ్గరికే పంపింది. (పోర్టల్ విద్యార్థులకు. పై కార్యాలయానికి వెళ్లేదానికి క్యాలికో గుడ్డ వేసిన అట్ట, బంగారు అక్షరాలు ఉండాల్సిందే.) కుట్టబోయే ముందు ఆయన ఇరవై ఆరేళ్లలో మొదటిసారి మధ్య పేజీ తెరిచి చదివాడు.

‘సదరు పరిశోధనను అరవై మంది కౌమార విద్యార్థులు స్వయంగా సందర్శించారు. ఒక్కరి నుంచి కూడా ఫిర్యాదు రాలేదు.’