డీకన్ చేతిలో బకెట్

మాటలకు అర్థాలు మారిపోతున్నాయని ఏడ్చేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. మారనివ్వండయ్యా! మాట కూడా మనిషిలాంటిదే. పుట్టినచోటే చచ్చేదాకా పడి ఉండమంటే ఎట్లా? నాలుగు మెట్లు దాన్ని కూడా పైకి రానివ్వాలి.

'డీకన్' అనే మాటనే తీసుకోండి. అదెంత కిందినుంచి వచ్చిందో తెలుసా? క్రైస్తవ సంఘం అప్పుడప్పుడే మొదలైన రోజులవి. అందరూ ఒకచోట చేరి అన్నం తినేవాళ్లు. నలుగురు తినేచోట గొడవ ఉండనే ఉంటుంది కదా! మా వైపు విధవరాండ్రకు అన్నం సరిగా అందడం లేదని కొందరు సణిగారు. అప్పుడు పెద్దలు ఏడుగురు మంచి మనుషులను ఎంచుకుని, ఆ వడ్డన సంగతి మీరు చూసుకోండని అప్పగించారు. డీకన్ అంటే అంతే. వడ్డించేవాడు. అందరికీ అందిందో లేదో చూసి, చివర్న తాను తినేవాడు.

ఎంత దీనమైన పుట్టుక! అలాంటి మాట ఈరోజు ఎర్రగుంట్లలో ఎక్కడుందో చూడండి. రైల్వే గేటు దగ్గర ఫ్లెక్సీ మీద, సూటూ బూటూ వేసుకుని, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, వచ్చేపోయే సిమెంటు లారీలను ఆశీర్వదిస్తూ ఉంది. దీన్ని పతనం అంటారా? మీకు కళ్లున్నాయా?

డీకన్ నిజంగానే వడ్డించడం మొదలుపెడితే ఎన్ని అనర్థాలో ఆలోచించండి. వంగితే టై పులుసులో పడుతుంది. కోటు మీద కూర చిందితే డ్రైక్లీనింగుకు కడప దాకా పోవాలి. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. వడ్డించేవాడికి ఎవరి విస్తట్లో ఏముందో కనబడుతుంది. అట్లా కనబడడం పెద్దరికానికి మంచిది కాదు.

ఇంకో మాట. ఆ మొదటి ఏడుగురిలో ముందు పేరున్నాయన్ను రాళ్లతో కొట్టి చంపారు. ఇప్పటి డీకన్ల మీద శాలువాలు పడుతున్నాయి. రాళ్ల నుంచి శాలువాల దాకా వచ్చిందంటే అది ప్రగతి కాక ఇంకేమిటి?

ఇంత చక్కటి ఏర్పాటును ఒక్క మధ్యాహ్నంలో పాడుచేయబోయిన మనిషి ఒకడున్నాడు. వాడి కథ చెప్పక తప్పదు. పేరు జ్ఞానరాజు.

జ్ఞానరాజు సిమెంటు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తాడు. డ్యూటీ దిగి వచ్చేటప్పటికి కనుబొమ్మలు కూడా బూడిదరంగులో ఉంటాయి. కానీ మందిరంలో ఏ విందు జరిగినా కూర బకెట్ అతని చేతిలోనే ఉండేది. బంతిలో కూర్చున్నవాళ్లలో ఎవరు సిగ్గుకొద్దీ వద్దంటున్నారో, ఎవరు కడుపు నిండి వద్దంటున్నారో ముఖం చూసి పసిగట్టేవాడు. అతను వడ్డించిన బంతిలో ఎవరూ అర్ధాకలితో లేచింది లేదు.

ఇంత బాగా వడ్డించే మనిషిని సన్మానించుకోవాలని సంఘం తీర్మానించింది. సన్మానించడం అంటే ఏమిటి? ఇక జన్మలో వడ్డించనివ్వకపోవడం! అందుకని డీకన్‌గా ఎన్నుకున్నారు.

జ్ఞానరాజు కన్నా అతని భార్య రెజీనా ఎక్కువ సంతోషించింది. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆమెను 'ప్యాకింగోడి పెండ్లాం' అన్న నోళ్లే 'డీకనమ్మా, ముందుకొచ్చి కూచో' అన్నాయి. ఆ రోజు ఆమె ఇంటికొచ్చి తలుపేసుకుని కాసేపు ఏడ్చింది. వెటకారాల కాలమ్ అయినా సరే, ఆ ఏడుపును వెటకారం చేయడానికి మనసు రాదు.

కొత్త డీకన్‌కు తర్ఫీదు ఇచ్చే బాధ్యత సీనియర్ డీకన్ వసంతకుమార్ తీసుకున్నాడు. ఆయనకు లారీలున్నాయి, సిమెంటు డీలర్‌షిప్ ఉంది, ప్రతి ఫ్లెక్సీలోనూ మధ్య స్థానం ఉంది.

"చూడు బ్రదర్, డీకన్ అంటే చెయ్యి చూపించాల. చెయ్యి పెట్టగూడదు," అన్నాడు వసంతకుమార్. "నీళ్ల గ్లాసు గూడా నువ్వు పట్టుకోవద్దు. ఎవురో ఒకరు పట్టుకుంటారు."

"మరి దప్పికయితేనో అన్నా?"

"దప్పిక సంగతి గూడా ఎవురో ఒకరు చూసుకుంటార్లేప్పా."

నిజమే, చూసుకోవడానికి మనుషులున్నారు. డీకన్ల కింద అసిస్టెంట్ డీకన్లు. వాళ్లు రేపు డీకన్లు కావాల్సినవాళ్లు కాబట్టి ఇప్పటినుంచే వంగకుండా ఉండడం సాధన చేస్తారు. వాళ్ల కింద బ్యాడ్జీల వాలంటీర్లు. బకెట్ పట్టుకుంటే బ్యాడ్జీ మీద కూర పడుతుందని వాళ్ల భయం. ఇట్లా దిగుతూ దిగుతూ వడ్డన చివరికి పుల్లయ్య చేతికొచ్చింది. పుల్లయ్య క్యాటరింగ్ కాంట్రాక్టర్. తిరునాళ్లకు, ఉరుసుకు, పెండ్లికి, దినానికి అన్నిటికీ అవే గరిటెలు పంపే సమదృష్టి కలవాడు. సంఘం వార్షికోత్సవానికి పెట్టే ప్రేమవిందు కూడా ఆయనకే ఇచ్చారు. ప్రేమ సంఘానిది, విందు పుల్లయ్యది.

వార్షికోత్సవం మే నెలలో వచ్చింది. మే నెలలో ఎర్రగుంట్ల అంటే నాపరాళ్లు కూడా నీడ వెతుక్కునే ఊరు. ఆ ఎండలో ఏడుగురు డీకన్లూ నల్ల కోట్లు తొడుక్కుని, సింహాల చేతుల కుర్చీల్లో, స్టేజీ మీద వరసగా కూర్చున్నారు. తిండికి కూడా వాళ్లకు స్టేజీ మీదే బల్ల వేశారు. సంఘం తింటుంటే డీకన్లు చూడాలి, డీకన్లు తింటుంటే సంఘం చూడాలి. రెండోది ఎక్కువ జరుగుతుంది. డ్రోన్ కెమెరా, ఎల్ఈడీ స్క్రీన్, కువైట్‌లో ఉన్న విశ్వాసుల కోసం యూట్యూబ్ లైవ్! ఆదిసంఘంలో ఇవన్నీ ఎక్కడున్నాయి?

అందరికీ ఒకేసారే వడ్డన. స్టేజీ ముందు మొదటి బంతి ముఖ్య అతిథికీ, చందాదారులకూ. రెండోది డీకన్ల చుట్టాలకు. ఆ తర్వాత మిగతా సంఘం. కడ బంతి షామియానా దాటి, జనరేటర్ పక్కన, విధవరాండ్రకు. ముసలివాళ్లు కదా, నిదానంగా తింటారు, వాళ్లను తొందరపెట్టకూడదని ఆఖర్న కూర్చోబెట్టారు. ఎంత దయ!

ఆ కడ బంతిలోనే జ్ఞానరాజు తల్లి విశ్వాసమ్మ కూర్చుంది. స్టేజీ ఎత్తుగా ఉంది. పెద్దమనుషుల తలలు కనబడడానికి వేసిన ఎత్తు అది. దురదృష్టం ఏమిటంటే, అక్కడినుంచి కడ బంతి కూడా కనబడింది.

విశ్వాసమ్మ అన్నం మధ్యలో గుంట చేసుకుని కూర కోసం తల ఎత్తి చూస్తోంది. కూర బకెట్ అప్పటికే మూడోసారి మొదటి బంతి వైపు తిరిగింది. ఒకతను వచ్చి ఆ గుంటలో చారు పోసి వెళ్లాడు. ముసలమ్మ తల వంచుకుని కలుపుకోవడం మొదలుపెట్టింది. పక్కనున్నవాళ్లు కూడా అంతే. అది వాళ్లకు అలవాటే.

జ్ఞానరాజు నోట్లో ముక్క ఉంది. విస్తరి పక్కకు జరిపాడు.

సరిగ్గా అప్పుడే వడ్డించే అతను స్టేజీ మెట్ల దగ్గర బకెట్ కింద పెట్టి, మోగుతున్న ఫోన్ తీసుకుని పక్కకు పోయాడు. నిండు కూర బకెట్, ఆఖరిది. లోపల గరిటె. జ్ఞానరాజు అప్పుడు పెద్దగా ఆలోచించలేదు. చెయ్యి కడుక్కున్నాడు, మెట్లు దిగాడు, బకెట్ ఎత్తుకున్నాడు. చెయ్యి చూపించాల్సిన మనిషి చెయ్యి పెట్టేశాడు! అదీ ఎక్కణ్నుంచి? కడ బంతి కడ విస్తరి నుంచి.

"పోరా నాయనా!" విశ్వాసమ్మ గాబరాగా విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది. "డీకనువి గదా నువ్వు! ఎవురన్నా చూస్తారు, పోయి కూచో." చెయ్యి మాత్రం నిదానంగా పక్కకు జరిగింది. "ఆ ఎముకున్న ముక్క వెయ్, పోతా పోతా."

చూడడం చూడకపోవడం ఇక ఆమె చేతుల్లో లేదు. డ్రోన్ వచ్చి నెత్తిన నిలబడింది. ఎల్ఈడీ తెర మీద ఇంతెత్తు డీకన్, చేతిలో బకెట్! టై భుజం మీద వేసుకుని, "పెద్దమ్మా, ఇంకో ముక్క. సిగ్గుపడొద్దు, శానా ఉండాది," అంటూ బంతంతా తిరుగుతున్నాడు. జనం తినడం ఆపేశారు. కువైట్ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. సంఘంలో ఏదో జరిగిపోయిందని రాజంపేట చుట్టాలు ప్రార్థనకు కూర్చున్నారట.

పుల్లయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఏం డీకనప్పా, మా పిల్లోళ్ల కడుపు కొడతాండావు! బకెట్ ఈడ పెట్టు," అని అరిచి, దగ్గరికొచ్చాక గొంతు తగ్గించాడు. "చెయ్యి మటుకు శానా బాగుండాదప్పా. ఆ కోటు వదిలేస్తే చెప్పు, నా కాడ పనుండాది."

బకెట్ స్టేజీ దగ్గరికి తిరిగొచ్చేసరికి అడుగున నూనె మిగిలింది. ముఖ్య అతిథి ఇంకో గరిటె అడిగాడు. చారు పోశారు. ఆయన చారు తాగుతున్న దృశ్యం కూడా లైవ్‌లో వెళ్లింది.

మర్నాడు కమిటీ కూర్చుంది. కూర అయిపోవడం గురించి కాదు సుమా, అంత చిన్నబుద్ధి ఎవరికీ లేదు. డీకన్ హోదాకు జరిగిన అవమానం గురించి! కోటు విప్పి వడ్డించి ఉంటే క్షమించవచ్చని ఒక డీకన్ అన్నాడు. కోటు ఉన్నా గరిటె ఎడమచేత్తో పట్టుకుని ఉంటే ఏదో అనుకోకుండా జరిగిందని సర్దిచెప్పుకోవచ్చని ఇంకో డీకన్ అన్నాడు. తల్లికి ఒక్కదానికే వేసుంటే స్వార్థం కింద తీసుకుని మన్నించవచ్చు, అందరికీ వేశాడు కాబట్టి దురుద్దేశమేనని మూడో ఆయన తేల్చాడు.

"ఆదిలో డీకన్లు వడ్డించేవాళ్లే కదా..." అని పాస్టరుగారు ఏదో గొణగబోయారు. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన వెంటనే కళ్లు మూసుకుని ముగింపు ప్రార్థన చేసేశారు.

తీర్పు వసంతకుమార్ చదివాడు. జ్ఞానరాజు డీకన్ పదవి రద్దు. అంతటితో సరిపోదు, మనిషికి బుద్ధి రావాలి. కాబట్టి ఇకమీదట ప్రతి విందులోనూ కడ బంతికి అతనే వడ్డించాలి. విధవరాండ్రందరికీ అందాకే తాను తినాలి. ఇదీ శిక్ష!

సాయంత్రానికల్లా ఫ్లెక్సీలో జ్ఞానరాజు ముఖం మీద తెల్లపావురం బొమ్మ అంటించారు. కోటు, టై అలాగే ఉన్నాయి. టై కట్టుకున్న పావురం ఎర్రగుంట్లలో ఇప్పటికీ ఉంది, చూడదలచినవారు చూడవచ్చు.

రెజీనా అన్నం వండలేదు. "మీ అమ్మకు ముక్క కావాలంటే ఇంట్లో నేను వండి పెట్టనా?" అని నిలదీసింది. "ఆ ఒక్కరోజు కూచోనుంటే నీ సొమ్మేం పోతాండెనయ్యా?"

"నువ్వు పెడతావు రెజీనా. నాకు తెల్దా?" అన్నాడు జ్ఞానరాజు. "ఆ వరసలో మా అమ్మ ఒక్కతే లేదు గదా."

డీకనమ్మ అనే పిలుపు పోయినందుకు రెజీనాకు కోపంగానే ఉంది. అయినా కాసేపటికి లేచి పొయ్యి వెలిగించింది.

పాఠకులారా, మాటలు పైకి రావాలన్న వాదనకు ఈ కాలమ్ ఇప్పటికీ కట్టుబడే ఉంది. డీకన్ అనే మాట స్టేజీ ఎక్కింది, సంతోషం. ఇంకా ఎక్కనివ్వండి, విమానం ఎక్కనివ్వండి. ఒక్క చిన్న సందేహం. పోతూ పోతూ అది తన పనిని కింద ఎవరికి అప్పగించి పోయింది? పుల్లయ్యకా? బంతి చివర విస్తట్లో ఏముందో తల వంచి చూసే మనిషిని ఇప్పుడు ఏమని పిలవాలి? మన దగ్గర ఉన్న ఒకే ఒక్క పేరు, శిక్ష పడినవాడు.

ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థనకు అందరూ వచ్చారు. సంఘంలో మనస్పర్థలేమీ లేవని నలుగురికీ తెలియాలని వసంతకుమార్ స్వయంగా మైకు తీసుకెళ్లి విశ్వాసమ్మ చేతికిచ్చాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. ఒకరు ప్రార్థన చేస్తుంటే మాట మాటకూ మిగతావాళ్లు 'ఆమెన్' అనడం అక్కడి ఆనవాయితీ.

"ప్రభువా, నా బిడ్డ పెద్దల మాట మీరినాడు తండ్రీ," అంది విశ్వాసమ్మ.

"ఆమెన్!"

"పెద్దలు వాణ్ని న్యాయంగా శిచ్చించినారు తండ్రీ."

"ఆమెన్!" ఈసారి ముందు వరసలోంచి గట్టిగా వచ్చింది.

"ఆ శిచ్చ వల్ల ఇంక మా కడ బంతికి గూడా కూర వస్తాది. నీకు స్తోత్రం."

"ఆమెన్!"

"మిగిలిన ఆరుమంది బిడ్డల్ని గూడా ఇట్లే శిచ్చించు నాయనా."

ఆరుగురు డీకన్లూ రెండు చేతులూ పైకెత్తి, అందరికన్నా గట్టిగా 'ఆమెన్' అన్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరే కళ్లు తెరిచారు.