కట్టయ్య మిర్చి, కుమారస్వామి గాలి మిషన్

ఎనుమాముల మార్కెట్లో రైతుల మిర్చిని కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి నడిపే కుమారస్వామి, ఆ పొద్దున ఎలాగైనా కట్టయ్యకు గాలిలోంచి తీసిన నీళ్లు తాపాలని నిశ్చయించుకున్నాడు. తండ్రుల కాలం నుంచీ ఈ దుకాణానికే మిర్చి తెచ్చిన రైతు కట్టయ్య, నిరుడు పక్క అడ్తికి మళ్లాడు. అక్కడ చల్లటి నీళ్లు దొరుకుతాయట! గుక్కెడు నీళ్లకు మనిషి మారిపోతాడా అని కుమారస్వామి ఏడాదంతా కుమిలిపోయాడు. కాళ్లావేళ్లా పడితే నిన్న సాయంత్రం మళ్లీ ఇక్కడ బస్తాలు దించాడు. ఈసారి పోతే ఇక రాడు.

కట్టయ్య కోసమే గాలిలోని తేమను పట్టి నీళ్లు చేసే మిషన్ కొని వెనక గదిలో పెట్టాడు. దాంతో ప్రపంచంలోని నీళ్ల కరువంతా తీరుతుందని అమ్మినవాడు చెప్పాడు. మాఘమాసపు పొడిగాలికి అది వచ్చిన దగ్గర్నుంచీ గ్లాసు కూడా నింపలేదు. అలాంటిది, ఈ పొద్దున వెనక గది తలుపు తీస్తే ట్యాంకు పొంగిపోతోంది. కట్టయ్య బస్తాలు రాత్రంతా ఆ గదిలోనే ఉన్నాయి. ఆ రెండింటికీ సంబంధం ఉంటుందని కుమారస్వామికి తట్టలేదు.

"రాండ్రి, రాండ్రి! బోరు లేదు, నల్లా లేదు, ఉత్త గాలి నీళ్లు!" అని అందరినీ పిలిచి, మొదటి గ్లాసు కట్టయ్య చేతికిచ్చాడు.

కట్టయ్య గ్లాసు ఎత్తేలోపే మిర్చి కొనే ఓంప్రకాశ్ అడ్డు తగిలాడు. "బయట గింత ఎండ కొడ్తాంది. నీ గదిలకు గింత తేమ ఏడికెల్లి అచ్చిందే అన్నా?"

"గాలిలకెల్లి!" అన్నాడు కుమారస్వామి ఛాతీ విరుచుకుని.

ఓంప్రకాశ్ బస్తాలో చెయ్యిపెట్టి చూశాడు. "గాలిలకెల్లి కాదు, బస్తాలకెల్లి. కట్టయ్యా, మస్తుగ తడిపి తెచ్చినట్టున్నవ్?"

కాయ విరగకుండా బస్తా నింపే ముందు నీళ్లు చిలకరించడం అందరూ చేసే పనే. చెయ్యి కాస్త జారితే తూకానికీ మంచిదే. ఆ రెండో మాట మాత్రం ఎవరూ పైకి అనరు.

"అందరు చల్లినట్టే జర చల్లిన!" కట్టయ్య గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. "నా తూకం గుంజి నాకే తాపుతాన్నవా, స్వామన్నా?"

కబురు బయటికి పాకింది. మొదటి వరుస దుకాణాల్లో అది తడి పట్టే మిషన్. రెండో వరుసకు సర్కారువాళ్లు పెట్టించిన మిషన్. గేటు దగ్గరికి చేరేసరికి, బస్తా తడిగా ఉంటే జప్తు.

"ఆటో మలుపు బిడ్డా! ఆ దుకాణంల నీళ్ల పోలీసు కూసున్నడట!" అంటూ బస్తాలతో వస్తున్న సారలమ్మ వెనుదిరిగింది. దుకాణం ముందు ఒక్క రైతూ మిగల్లేదు.

"నిన్ను అల్లరి చేద్దామని కాదే కట్టయ్యా, నీళ్లు తాపుదామనే తెచ్చిన. మళ్ల పోకు," అన్నాడు కుమారస్వామి.

ఓంప్రకాశ్ ఇంకా మిరపకాయలను చెవి దగ్గర ఆడిస్తూనే ఉన్నాడు. "గలగలమంటానయి, మంచిగ ఎండినయి! అంతట తేమ అని ధర కోస్తాన్నం. గీటికి కోసేదేం లేదు. ఇయ్యాల పెద్ద రేటు కట్టయ్యదే."

ఈ కబురు మొదటిదానికంటే వేగంగా గేటు దాటింది. సారలమ్మ ఆటో మళ్లీ వచ్చి ఆగింది. "స్వామన్నా, నా బస్తాలు గూడ జర ఆ గదిల పండవెట్టు, నీకు పుణ్యముంటది!" ఆమె వెనకాల మిగతావాళ్లు. మధ్యాహ్నానికి గది కిక్కిరిసిపోయింది. కట్టయ్య గుమ్మంలో నిలబడి, ఎవరి బస్తా ముందో తానే చెప్పడం మొదలుపెట్టాడు. "రేపటేడు గూడ ఈడికే అస్త," అని ఎవరూ అడగకుండానే అన్నాడు. కుమారస్వామి ప్రాణం కుదుటపడింది.

ఈ హడావుడిలో ఎవరూ రుచి చూడని నీళ్లను కట్టయ్యే ముందుగా ఒక గుక్క తాగి, కళ్లు తుడుచుకుని, మజ్జిగ ఉందా అని అడిగాడు.