పదింటి సంతకం

ఆ మంగళవారం కృపారాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింబావుకు కామారెడ్డిలో బస్సెక్కాలి, పది లోపు ఎల్లారెడ్డిలో దిగాలి, ఆఫీసులో ఒక దరఖాస్తు ఇవ్వాలి. దరఖాస్తులో కోరిక కూడా పెద్దదేమీ కాదు. మేడ మీదున్న తన సీటును కింది అంతస్తుకు మార్చమని. ముప్పయ్యేడేళ్ళ మనిషి ఇరవై నాలుగు మెట్లు ఎక్కలేక కాగితం పెట్టుకోవడమేమిటని మీకు అనిపిస్తే, మీరు కూడా ఆ ఆఫీసులో పనిచేయడానికి తగినవారే.

ఆమెకు రుమటాయిడ్ ఆర్థరైటిస్. మూడేళ్ళ క్రితం నిజామాబాదు డాక్టరు ఆ పేరు చెప్పి, "ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి కీళ్ళ మీద పడుతున్నదమ్మా. పొద్దుగాల బాగా బిగుస్తయి, ఐదారు గంటలు పోతే సడలుతయి" అని వివరించాడు. కృపారాణికి ఒక్కసారికే అర్థమైన ఈ సంగతి చుట్టుపక్కల వాళ్ళకు మూడేళ్ళయినా అర్థం కాలేదు. ముసలివాళ్ళకొచ్చే రోగం నీకెలా వచ్చిందని నిలదీసినవాళ్ళు కొందరు. వావిలాకు నీళ్ళు పోసుకోమన్నవాళ్ళు కొందరు. ఎవరో వంకాయ మానెయ్యమంటే ఆరు నెలలు మానేసింది కూడా. నొప్పి ఎక్కడికీ పోలేదు, వంకాయ ఒక్కటే పోయింది.

పొద్దున్నే ఐదింటికి లేచి వేడినీళ్ళలో చేతులు ముంచుకు కూర్చుంటే, ఏడింటికి చెంచా పట్టుకోవచ్చు. జడ మాత్రం భర్త సుందర్ వేయాలి. సుందర్‌కు ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే దుకాణం ఉంది.

"జర మెల్లగ. ఫ్యాన్‌కు వైరు చుట్టినట్టు చుడుతున్నవ్. నెత్తి అది" అంది కృపారాణి.

"వదులుగ చుడితే బస్సుల ఊడుతది. ఇయ్యాలనన్న ఇస్తవా కాయిదం?"

"ఇచ్చుడే. ఇది మూడోది. మొదటిది పోయిందన్నరు. రెండోదాని మీద చాయ్ గ్లాసు పెట్టిండ్రు."

పదింటికి ఆఫీసులో అటెండరు మైసన్న ఒక్కడే ఊడుస్తున్నాడు. కృపారాణి కింది గదిలో సూపరింటెండెంటు బల్ల మీదున్న హాజరు రిజిస్టరు తెరిచి, పెన్నును పిడికిట్లో పట్టుకుని 'రాక' అన్న గడిలో సంతకం చేసింది. అక్షరాలు తలా ఒక దిక్కు పోయాయి. దరఖాస్తు మీదా అలాంటి సంతకమే చేసి, డాక్టరు చీటీ జతపెట్టి, బల్ల మీద ఉంచి, పిట్టగోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది.

సూపరింటెండెంటు పర్శరాములు పదకొండున్నరకు వచ్చాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆయన పనులు చేసింది తక్కువ, తప్పులు పట్టింది ఎక్కువ. దరఖాస్తులో ఏముందో చదవలేదు. కింద సంతకం చూశాడు. రిజిస్టరు తిరగేశాడు. మూడు నెలల పేజీలు వెనక్కి తిప్పాడు. ఆ తర్వాత దొంగ దొరికిన సంబరంతో కృపారాణిని కిందికి పిలిపించాడు. అంటే, ఇరవై నాలుగు మెట్లు దిగమన్నాడు.

"గీ సంతకం ఎవరు పెట్టిండ్రు?"

"నేనే సార్."

"మరి నిన్న పొద్దుమూకిది?"

"అదీ నేనే సార్. పొద్దుగాల నా వేళ్ళు వంగయి. మధ్యాహ్నానికి మంచిగయితయి. డాక్టర్ చీటీల రాసిండు చూడుండ్రి."

"పొద్దుగాల ఒక చెయ్యి, పొద్దుమూకి ఒక చెయ్యా? నా చెవుల పువ్వు పెడుతున్నవా? గీ రిజిస్టర్ల పదమూడు మంది ఉన్నరు. పన్నెండు మందికి రాకడ సంతకం, పోకడ సంతకం అచ్చు ఒక్క తీరుగున్నయి. నీయొక్కదానిదే తేడా. అంటే నువ్వు పొద్దుగాల వస్తలేవు. నీ బదులు ఎవరో గీకుతున్నరు. ఏదీ, ఇప్పుడు పెట్టు నా ముంగట."

అప్పటికి పన్నెండున్నర. వేళ్ళు సడలాయి. సంతకం ముత్యాలు పేర్చినట్టు వచ్చింది. బళ్ళో చేతిరాతకు బహుమతి తెచ్చుకున్న ఆ మనిషికి తన మంచి సంతకం మీద కోపం రావడం అదే మొదటిసారి.

"ఇంకేం గావాలె? నిన్ను నువ్వే పట్టించుకున్నవ్" అన్నాడు పర్శరాములు.

ఆమె బదులు గీకుతున్నది ఎవరన్నది తర్వాతి ప్రశ్న. పొద్దున ఆఫీసు తెరిచేది మైసన్న. కాబట్టి మైసన్నే. అటెండరుకు హాజరు పుస్తకం వేరు. దాన్ని తెప్పించి, భూతద్దం లేని లోటు కళ్ళజోడు ముందుకూ వెనక్కూ జరిపి తీర్చుకుని, రెండు సంతకాలూ పోల్చాడు. కృపారాణి ఉదయం సంతకం చూసి మైసన్నకు ఒళ్ళు మండింది.

"నా సంతకం గింత ఖరాబ్‌గ ఉంటదా సార్? రాత్రి బడికి పోయి నేర్చుకున్న. జర సక్కగ చూడుండ్రి" అన్నాడు. కృపారాణి వైపు తిరిగి, "ఏమనుకోకు మేడమ్" అన్నాడు.

సాయంత్రానికి మెమో చేతికొచ్చింది. మెమో కంటే ముందే మాట పాకింది. పై సెక్షన్‌లో ఆమె పక్క సీటు భీమేష్ మధ్యాహ్నం డబ్బా విప్పుతూ, ఆమె పొద్దుటి పూట కామారెడ్డిలో బ్యూటీ పార్లర్ నడుపుతోందని ఎవరో చెప్పగా విన్నానన్నాడు. తన జడ తాను వేసుకోలేని మనిషి ఊరందరికీ జడలు వేస్తోందట! ఆ మాట విని కూడా ఆమె తన డబ్బా అతని వైపే జరిపింది. వేళ్ళు సడలినా బిగిసిన మూత తీసే బలం ఉండదు, తీయమని అడగడానికి పక్కనున్నది ఆ భీమేష్ ఒక్కడే.

మర్నాడు పొద్దున సంతకం ఎదురుగా పెట్టించుకుంటానన్నాడు పర్శరాములు. కృపారాణికి ప్రాణం లేచొచ్చింది. పదింటికి సంతకం పెట్టకుండా, పెన్ను పట్టుకుని ఆయన కుర్చీ ఎదుట కూర్చుంది. పదిన్నరయింది. పదకొండయింది. చూపుడువేలు సడలింది. పదకొండుంబావుకు బొటనవేలూ సడలింది. పొమ్మంటే పోని నొప్పి, ఉండమంటే ఉండదని ఆ రోజే తెలిసింది. పదకొండూ నలభైకి పర్శరాములు వచ్చేసరికి ముత్యాలు మళ్ళీ రాలాయి.

"ఇంకేమంటవ్?"

"మీరు పదికి రాండ్రి సార్, చూపిస్త."

"అంటే నేను లేటుగ వచ్చిన్నంటవా?" అని ఆయన మండిపడ్డాడు. మెమోలో 'పై అధికారితో దురుసు ప్రవర్తన' అని ఇంకో వాక్యం చేరింది.

గురువారం కృపారాణి ఎవరూ చేయని పని చేసింది. మూడేళ్ళుగా ఏ నొప్పి పోవాలని మాత్రలు మింగుతోందో, ఆ నొప్పిని పదకొండున్నర దాకా ఆపాలనుకుంది. ఇంట్లో వేడినీళ్ళు ముట్టలేదు. ఆఫీసు ఎదురుగా చెరుకురసం బండి దగ్గర మైసన్న చేత గిన్నెడు ఐసు తెప్పించి, అందులో రెండు చేతులూ ముంచి కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మైసన్న చూడలేక తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. తన ఒంట్లో ఉన్న రోగాన్ని రుజువు చేసుకోవడానికి ఒక మనిషి ఇంత పని చేయాల్సి రావడం కంటే సిగ్గుచేటు ఇంకేముంది? సిగ్గుపడాల్సినవాళ్ళు మాత్రం ఇంకా దారిలో ఉన్నారు.

పర్శరాములు లోపల అడుగుపెట్టేసరికి కృపారాణి చేతులు ఐసులోనే ఉన్నాయి.

"వారెవ్వా! ఏం నాటకం! రోగం తయారు చేస్తున్నవా?" అన్నాడు. గిన్నెను సాక్ష్యంగా బీరువాలో పెట్టించాడు. ఐసు కరిగి నీళ్ళు బీరువాలోని పాత ఫైళ్ళ మీదుగా కారాయి. అలా 'ప్రభుత్వ దస్తావేజుల నష్టం' అనే మూడో నేరం తయారైంది.

శుక్రవారం ఫైలు కామారెడ్డిలోని జిల్లా ఆఫీసుకు బయల్దేరింది. కృపారాణిని జుక్కల్‌కు బదిలీ చేయాలన్నది పర్శరాములు సిఫారసు. ఆ మాట ఆమెకు ఆయనే దయతో చెప్పాడు.

"నీకు కింది సీటే కదా కావాల్సింది? జుక్కల్ ఆఫీసుకు మేడనే లేదు."

జుక్కల్ అంటే ఎల్లారెడ్డి దాటి ఇంకా రెండు గంటల ప్రయాణం. పదింటికి అక్కడుండాలంటే తెల్లవారక ముందే బస్సెక్కాలి. ఆ వేళకు కృపారాణి మంచం మీంచి పాదం కింద మోపడానికే పావుగంట పడుతుంది. అంటే అది బదిలీ కాదు, ఉద్యోగం మానెయ్యమనడం. ఆ రాత్రి సుందర్ "రాజీనామ గిట్ల రాస్తవా ఏంది?" అని భయం భయంగా అడిగాడు.

"ఎందుకు రాస్త? ఏ తప్పు చేసిన? వాళ్ళే తీసేయని. సంతకం నాదే, నొప్పి నాదే. రెండూ అబద్ధమంటే ఊకుంటనా?" అని కృపారాణి అరిచింది. పక్కింటి వాళ్ళ టీవీ చప్పుడు తగ్గింది.

విచారణకు జిల్లా ఆఫీసరు దివాకర్ వచ్చే మంగళవారం పదింటికి వస్తున్నట్టు కబురొచ్చింది. సిబ్బంది కంగారుపడితే పర్శరాములు ధైర్యం చెప్పాడు.

"పది అంటే పన్నెండు. ఇరవై ఆరేండ్ల సర్వీసుల పది అన్న సారు పదికి వచ్చింది నేను చూడలే."

పాపం, దివాకర్‌కు ఆ రోజు పన్నెండింటికి బాన్సువాడలో ఇంకో మీటింగు ఉంది. సరిగ్గా పదికి జీపు దిగాడు. మైసన్న చీపురు చేతిలోనే పట్టుకుని దండం పెట్టాడు. దివాకర్ వెళ్ళి ఖాళీగా ఉన్న పర్శరాములు కుర్చీలో కూర్చుని, రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు. అప్పుడే బస్సు దిగి వచ్చిన కృపారాణిని చూసి, "మీరేనా? సంతకం పెట్టుండ్రి" అన్నాడు.

ఆమె పెన్నును పిడికిట్లో బిగించింది. నొప్పికి కోపం తోడై ఆ రోజు అక్షరాలు మామూలు కంటే అధ్వాన్నంగా వచ్చాయి. దివాకర్ ఆమె వాచిన వేళ్ళ కణుపుల వంక చూశాడు, పాత పేజీల్లోని ఉదయం సంతకాల వంక చూశాడు. "మా చెల్లెకూ ఇట్లనే ఉంటదమ్మా" అన్నాడు. మూడేళ్ళలో ఒక అధికారి ఆమెను నమ్మడం అదే మొదలు. కృపారాణికి ఏడుపు ఆగలేదు.

సంగతి అక్కడితో ముగిసేదే. కానీ దివాకర్ చూపు ఆమె గడి నుంచి పక్క గళ్ళకు జారింది. ఆ రోజు తేదీ కింద 'రాక' గళ్ళన్నీ నిండి ఉన్నాయి. పన్నెండు సంతకాలు, చక్కగా, పొందికగా. అందులో పర్శరాములుది మరీ అందంగా ఉంది. దివాకర్ తలెత్తి గది చూశాడు. కుర్చీలున్నాయి, మనుషులు లేరు. మేడ మీద నుంచీ అలికిడి లేదు.

"వీళ్ళంత యాడున్నరు?"

"వస్తరు సార్" అన్నాడు మైసన్న.

"వచ్చినట్టు సంతకాలున్నయి కదా?"

మైసన్నకు అబద్ధం ఆడే అలవాటు లేదు. "అవి నిన్న పొయ్యేటప్పుడే పెట్టి పోయిండ్రు సార్. రోజూ గంతే. పొద్దుగాల టైం ఖరాబ్ గావద్దని, రేపటి రాకడ కూడ ఇయ్యాల్నే పెడుతరు."

అదీ ఆ పన్నెండు మంది సంతకాలు అచ్చు ఒక్క తీరుగా ఉండటంలోని రహస్యం. రెండూ ఒకే సాయంత్రం, ఒకే పెన్నుతో, ఒకే ఊపులో పెట్టినవి. పొద్దున వచ్చి పొద్దున సంతకం పెట్టే మనిషి ఆ రిజిస్టరులో ఒక్కతే ఉంది. అందుకే ఆమె ఒక్కతే దొంగగా తేలింది.

"మీకు తెలుసా ఈ సంగతి?" అని దివాకర్ అడిగాడు.

"తెలుసు సార్."

"మరి సంజాయిషీల ఎందుకు రాయలే?"

"నన్నడిగింది నా సంతకం గురించి సార్. వేరేటోళ్ళ సంతకం నేనెందుకు ఎత్తుత?"

పదకొండూ ఇరవైకి పర్శరాములు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఆయన కుర్చీలో మనిషిని చూసి చేతిలోని డబ్బా చంకలోకి మార్చుకున్నాడు.

"ఎన్నింటికి వచ్చిండ్రు?" అన్నాడు దివాకర్.

"పదికి సార్. జర పనుండి బజార్ దిక్కు పోయిన."

"పదికి మీ కుర్చీల నేనున్న."

దివాకర్ కోపంగా పేజీలు తిప్పాడు. నెలాఖరు పేజీ వచ్చింది. అక్కడ ఎర్ర సిరాతో 'తనిఖీ చేశాను, సరిగా ఉన్నది' అని రాసి కింద ఒక సంతకం. ఆ సంతకం దివాకర్‌దే. అంతకుముందు నెలదీ ఆయనదే. ఆయన కోపం ఐసు కంటే త్వరగా కరిగింది. రిజిస్టరు మూసి, "సరే, ఇది ఇక్కడనే వదిలేద్దాం" అన్నాడు.

అప్పుడు లేచింది కృపారాణి.

"ఎట్ల వదిలేస్తరు సార్? నాదొక్కదానిదైతే జుక్కల్ దాక పోయె. పన్నెండు మందిదైతే ఇక్కడనే ఆగుతదా? నా నొప్పికి సాక్ష్యం అడిగిండ్రు, ఐసుల చేతులు పెట్టించిండ్రు. వీళ్ళ సుఖానికి ఎవరన్న ఒక్క కాయిదం అడిగిండ్రా?"

దివాకర్ గొంతు తగ్గించి, "మీకేం కావాలె చెప్పమ్మా" అన్నాడు.

"కింది సీటు. మూడు దరఖాస్తులు ఇచ్చిన."

డాక్టరు చీటీలు మూడూ కదిలించలేని బల్లను, అప్పటికి ఆఫీసుకు చేరిన భీమేష్, ఇంకో ముగ్గురు కలిసి పది నిమిషాల్లో ఇరవై నాలుగు మెట్లూ దింపారు. పర్శరాములు దగ్గరుండి కిటికీ పక్కన వేయించి, "గింత చిన్న పనికి ముందే ఓ మాట చెప్పొద్దా మేడమ్" అని నొచ్చుకున్నాడు. మెమో ఎక్కడికి పోయిందో మళ్ళీ ఎవరికీ కనిపించలేదు.

వెళ్ళేముందు దివాకర్ ఒక ఉత్తర్వు రాసి గోడకు అంటించి పోయాడు. ఒకటో తారీఖు నుంచి ఎవరూ ముందురోజే సంతకాలు పెట్టకూడదు, ఉదయం సంతకం ఉదయం పదింటికే పడాలి. ఉత్తర్వు ఆ నెలంతా అక్షరాలా అమలైంది. రోజూ పదింటికల్లా ఒక్క గడి కూడా ఖాళీ లేదు. నెలాఖరున రిజిస్టరు జిల్లా ఆఫీసుకు వెళ్ళింది. కృపారాణి కాక ఇంకో పదకొండు మందికి ఉదయం సంతకానికీ సాయంత్రం సంతకానికీ పొంతన లేదని, ఆ పదకొండు ఉదయం సంతకాలూ ఒకే చేతివని తేలింది.

వాళ్ళలో ఒక్కరికీ కీళ్ళ జబ్బు లేదు.